ఆరో తరగతికి అప్పగించిన ఐదువేల ఏళ్ళు

మా అన్నయ్య కొడుకు టెక్సస్‌లో హైస్కూలు చదువుతున్నాడు. ఆమధ్య ఓ ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేసి, "బాబాయ్, చైనాలో పరీక్షలు పెట్టి ఆఫీసర్లని తీసుకోవడం ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. వాడి ప్రపంచ చరిత్ర కోర్సు సాంగ్ వంశంతో మొదలవుతుంది. తెర లేచేసరికే పరీక్షలు రాసి గెలిచిన అధికారులు, కన్‌ఫ్యూషియస్ బోధనలు, కాయితం, అచ్చు అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయని క్లాసులో అడిగితే టీచరు, "మంచి ప్రశ్న, కానీ మన కోర్సు 1200 నుంచి" అన్నారట. "అదేంటి బాబాయ్, 1199లో ఏమైనా జరిగిందా?" అన్నాడు వాడు.

జరిగింది 1199లో కాదు, 2018లో. అమెరికాలో కాలేజీ బోర్డు అనే సంస్థ హైస్కూలు పిల్లలకి కాలేజీ స్థాయి కోర్సులు తయారుచేసి పరీక్షలు పెడుతుంది. వాటిని ఏపీ కోర్సులంటారు (మన ఏపీ కాదు). అక్కడి తెలుగు ఇళ్ళల్లో వీటి గురించి జరిగే చర్చ ఇక్కడ ఎంసెట్ ర్యాంకుల చర్చకి ఏమీ తీసిపోదు. ఆ ప్రపంచ చరిత్ర కోర్సు ఒకప్పుడు రాతియుగం నుంచి ఇప్పటిదాకా, సుమారు పదివేల ఏళ్ళు చెప్పేది. ఏడాదిలో అంత కుదరడం లేదు కాబట్టి ఇకమీదట పరీక్ష 1450 నుంచే అని 2018లో బోర్డు ప్రకటించింది. టీచర్లు, పిల్లలు, చరిత్రకారులు గొడవ చేశారు. 1450 అంటే యూరప్ ఓడలెక్కి బయల్దేరే ఘడియ. అక్కడ మొదలుపెడితే మిగతా ఖండాలన్నీ ఎవరో వచ్చి లేపేదాకా నిద్రపోతున్నట్టు కనిపిస్తాయన్నారు. సబబైన మాట. కొన్ని వారాలకే బోర్డు కాస్త దిగొచ్చి, సరే 1200 అంది. కూరగాయల బండి దగ్గర బేరం తెగినట్టు తెగింది. 2019 నుంచి అదే నడుస్తోంది. అంతకుముందు కాలానికి విడిగా ఒక కోర్సు పెట్టే ఆలోచన ఉందని కూడా అన్నారు. ఇప్పటిదాకా రాలేదు.

మనం వాళ్ళని చూసి నవ్వక్కర్లేదు. మనం 1200 దగ్గర కూడా ఆగలేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2006లో తెచ్చి ఏళ్ళ తరబడి నడిపిన తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకం తెరవండి: మొదటి అధ్యాయం ఫ్రెంచి విప్లవం. అంటే 1789. అంతకుముందు ఆరో తరగతిలో ఆదిమానవుడు, సింధు నాగరికత. ఆ పైన మన దేశపు రాజ్యాలు. మధ్యలో ప్రపంచం అన్నది దాదాపు లేదు. రాత పుట్టిన దగ్గర్నుంచి ఫ్రెంచి విప్లవం దాకా లెక్కేస్తే ఐదువేల ఏళ్ళ పైచిలుకు. మెసొపొటేమియానీ రోమునీ కాస్త తీరిగ్గా చూడాలంటే పదకొండో తరగతిలో ఆర్ట్స్ తీసుకోవాలి. మన దగ్గర పదకొండో తరగతి అంటే ఇంటరు, ఇంటరంటే ఎంపీసీ, బైపీసీ. హెచ్‌ఈసీ తీసుకుంటానన్న పిల్లని బంధువులు పరామర్శకి వచ్చినట్టు వచ్చి చూసి వెళ్తారు.

ఆ పదకొండో తరగతి పుస్తకమైనా నిలిచిందా? 2022లో సిలబస్ భారం తగ్గించే పేరుతో అందులోంచి మొత్తంగా తీసేసిన అధ్యాయాల్లో మనుషుల పుట్టుక గురించిన మొట్టమొదటి అధ్యాయం ఒకటి, ఇస్లాం తొలి శతాబ్దాల మీది అధ్యాయం ఇంకొకటి. పదో తరగతి సైన్సులో పరిణామ సిద్ధాంతం పోయింది కూడా అదే ఊపులో. డార్విన్ గురించి కనీసం శాస్త్రవేత్తలు ఉత్తరాలు రాశారు, పేపర్లు సంపాదకీయాలు రాశాయి. మొదటి అధ్యాయం గురించి అంత చప్పుడు లేదు. పోతే పోయింది, అందులో ఉండేది ఎముకలూ రాళ్ళే కదా అనుకున్నట్టున్నాం.

నా గొడవ ఈ వయసుల లెక్క దగ్గర. ఆదిమానవుడు ముందు వేటాడాడు, తర్వాత వ్యవసాయం చేశాడు, ఆ తర్వాత నగరాలు కట్టాడు అని పదకొండేళ్ళ పిల్లకి చెప్తే నమ్ముతుంది. స్కెచ్ పెన్నులతో మొహెంజొదారో స్నానవాటిక గీసి చార్టు మీద అంటిస్తుంది. అయిపోయింది. అదే పిల్ల పదిహేనేళ్ళకి దేన్నీ నమ్మదు. అమ్మ చెప్పినా, సారు చెప్పినా "నీకెలా తెలుసు?" అంటుంది. ఇంట్లో అందరికీ చిరాకు తెప్పించే ఈ ప్రశ్న మీదే చరిత్ర అనే విద్య మొత్తం నిలబడి ఉంది. సరిగ్గా ఆ ప్రశ్న పుట్టే వయసు వచ్చేసరికి, ఆ ప్రశ్న అన్నిటికంటే బాగా పనిచేసే కాలాన్ని మనం పుస్తకంలోంచి తప్పించేస్తున్నాం. ప్రాచీన చరిత్రలో ఆధారాలు తక్కువ. ఒక కుండ పెంకు, ఒక ముద్ర, ఒక ఉత్తరం. ఉన్నవన్నీ బెంచీ మీద పరిచి నలభైమంది పిల్లలు చుట్టూ మూగి చూడొచ్చు. రెండో ప్రపంచ యుద్ధాన్ని అలా బెంచీ మీద పరవలేం. పైగా క్రీస్తుపూర్వం 1750 నాటి తగాదాలో క్లాసులో ఎవరి తాతా లేడు. ఎవరి కులం, ఎవరి మతం, ఎవరి పార్టీ గాయపడవు. తీర్పు చెప్పడం నేర్చుకోవాలంటే ముందు మనది కాని కేసు కావాలి.

ఇది ఊహించి చెప్పడం లేదు. హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో మూడేళ్ళు సోషల్ చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతికి రెండు పీరియడ్లు దొంగిలించి ఏయా-నాసిర్ పలక పట్టుకెళ్ళాను. ఇంటర్నెట్‌లో తిరిగేవాళ్ళందరికీ ఈయన మీమ్‌గా తెలుసు: ఊర్ నగరపు రాగి వ్యాపారి, నాసిరకం సరుకు అంటగట్టినవాడు. (పేరులోనే నాసి ఉందని మా వెనక బెంచీ కనిపెట్టింది.) నన్ని అనే ఖాతాదారు కోపంతో మట్టిపలక మీద క్యూనిఫాం లిపిలో రాయించిన ఫిర్యాదు అది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మంచి రాగి ఇస్తానని నాసిరకం చూపించావు, నా మనిషిని శత్రువుల ప్రాంతం మీదుగా వట్టి చేతులతో తిప్పి పంపావు, నేనంటే అంత లోకువా అన్నది దాని సారాంశం.

పిల్లలు నవ్వారు. నవ్వడం అయ్యాక ఒకమ్మాయి లేచి, "సార్, నన్నియే అబద్ధం చెప్తున్నాడేమో? మనకి ఒక సైడే కదా ఉంది" అంది. నేను ఆ ప్రశ్న కోసమే రెండు పీరియడ్లు దొంగిలించాను. అప్పుడు చెప్పాను: లెనార్డ్ వూలీ ఊర్‌లో తవ్విన, ఏయా-నాసిర్‌దిగా అనుకునే ఇంట్లో, వేరేవాళ్ళు రాసిన ఫిర్యాదులు కూడా దొరికాయని. "ఐతే వాడు దొంగే" అని సగం క్లాసు. "బిజినెస్ పెద్దదైతే కంప్లయింట్లు ఎక్కువే ఉంటాయి సార్, మా నాన్న షాపుకీ వస్తాయి" అని ఒకడు. "ఫిర్యాదులు ఎందుకు దాచుకున్నాడు? పారేయొచ్చుగా?" అని ఇంకొకమ్మాయి. నలభై నిమిషాలు ఎవరూ గడియారం చూడలేదు. "నన్నికి డబ్బులు తిరిగొచ్చాయా సార్?" అని చివర్లో అడిగారు. తెలీదన్నాను.

ఆ రాగి ఎక్కడిది అన్న ప్రశ్న మీదుగా మ్యాపులోకి వెళ్ళాం. ఏయా-నాసిర్ దిల్మున్‌తో వర్తకం చేసేవాడు, అంటే ఇప్పటి బహ్రెయిన్ వైపు. రాగి గనులున్నది మగాన్‌లో, అంటే ఒమాన్ వైపు. మా క్లాసులో కనీసం నలుగురు పిల్లల నాన్నలు గల్ఫ్‌లో ఉన్నారు. బహ్రెయిన్ అనగానే ఒకడు తన సొంతూరి పేరు విన్నట్టు చూశాడు. అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు అక్కడ్ రాజు సార్గన్, దిల్మున్, మగాన్, మెలూహ ఓడలు తన రేవులో ఆగాయని శాసనాల్లో గొప్పగా చెప్పుకున్నాడు. మెలూహ అంటే సింధు ప్రాంతమని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అక్కడ్ కాలం నాటి ముద్ర ఒకటుంది, మట్టి మీద దొర్లిస్తే బొమ్మ పడే రకం. దాని సొంతదారు పేరు షు-ఇలిషు. వృత్తి, మెలూహ భాషకి దుబాసీ. నాలుగువేల ఏళ్ళ కిందట, సింధు నుంచి వచ్చినవాళ్ళ మాటలు అక్కడివాళ్ళకి అర్థం చేయించి బతికిన ఒక మనిషి! ఆరో తరగతిలో సింధు నాగరికత అంటే మురుగు కాలవలూ నాట్యగత్తె బొమ్మా. ఈ దుబాసీ ఒక్కడు వచ్చి నిలబడితే ఆ ఊళ్ళన్నీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడతాయి.

వెంటనే వచ్చిన ప్రశ్న మీరు ఊహించగలరు. "మెలూహ భాష తెలుగేనా సార్?" తెలీదన్నాను. సింధు లిపిని ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయారు. అది ద్రావిడ భాష కావచ్చని వాదించేవాళ్ళున్నారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. షు-ఇలిషు లాంటివాళ్ళు రాసుకున్న రెండు భాషల పలక ఒకటి దొరికితే తేలిపోవచ్చు. పిల్లవాడి మొహం కాస్త వాడింది కానీ, "ఐతే ఇంకా వెతకాలన్నమాట" అన్నాడు. ఒకే రోజు రెండుసార్లు తెలీదని చెప్పిన సారుని వాళ్ళు బహుశా అప్పుడే చూశారు. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పిలిచి, చాలా మర్యాదగా, "ఇది ఎన్ని మార్కులకి వస్తుందండీ?" అని అడిగారు.

ఎప్పుడూ వినిపించే అభ్యంతరం ఒకటుంది: మన చరిత్రే రాదు పిల్లలకి, బాబిలోన్ ఎందుకు? ఈ మాట అనేవాళ్ళు పొద్దున్నే జొన్నరొట్టె, రాగిసంగటి తిని "మన పూర్వీకుల తిండి" అని ఇన్‌స్టాలో పెడుతుంటారు. జొన్న పుట్టిల్లు తూర్పు సూడాన్ వైపు. సజ్జలు సహారా ఎడారి దక్షిణపు అంచున పుట్టాయి. రాగులు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల్లో. వేల ఏళ్ళ కిందట సముద్రం దాటి, చేతులు మారి, మన మెట్టచేలలోకి వచ్చి మనవైపోయాయి. ఉలవలు మాత్రం అచ్చంగా ఈ దేశంవే, దక్కనులో కొత్తరాతియుగం వాళ్ళు పండించుకున్నవి. అంటే ఉలవచారుతో జొన్నరొట్టె తినేవాడి కంచంలో రెండు ఖండాలున్నాయి. మన చరిత్ర అని గిరి గీసి కూర్చుంటే ఆ కంచమే అర్థం కాదు.

మన నేల సంగతి కూడా చూద్దాం. నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో, జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ మట్టి పొరల మధ్య తెల్లటి బూడిద పొర. అది సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే ఇంత దూరం వచ్చి పడిన బూడిద. ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి ఉన్నారా, ఉంటే వాళ్ళు మనలాంటి మనుషులేనా, అంతకు ముందటి రకమా అని ప్రపంచంలోని పెద్ద యూనివర్సిటీలన్నీ వాదించుకున్నాయి. బనగానపల్లె పిల్లలకి ఆ వాదన తెలుసా? వాళ్ళు తొమ్మిదో తరగతిలో లూయీ పదహారు భార్య పేరు బట్టీ కొడుతుంటారు.

ఇంకొకటి, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బ. బళ్ళారి నుంచి పాలమూరు దాకా ఇలాంటివి చాలా ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురంలో ఉన్నదాన్ని వాలిని కాల్చిన చోటంటారు. తొలి పురావస్తువాళ్ళూ ఏమీ తక్కువ తినలేదు, అగ్నిపర్వతమని ఒకరు, లోహం కరిగించిన కొలిమని ఒకరు. 1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరులో తవ్వితే తేలింది: నాలుగువేల ఏళ్ళకి పైబడిన పశువుల దొడ్డి, పేడ పేరుకోవడం, దాన్ని తగలబెట్టడం, మళ్ళీ పేరుకోవడం. ఆవుల గిట్టల గుర్తులు కూడా మట్టిలో అలాగే ఉన్నాయి. ఎందుకు తగలబెట్టారన్నది ఇంకా వాదనే. పండగకా, జబ్బులకా, ఊరు మారేటప్పుడా? పశువుల్ని మచ్చిక చేసుకోవడం అనే ప్రపంచ చరిత్ర అధ్యాయాన్ని చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎవరికుంది? బస్సు వేసుకుని పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మన బస్సులు రామోజీ ఫిలిం సిటీకి వెళ్తాయి.

శాతవాహనుల గురించి చెప్పండి చాలు అంటారా? చెప్పండి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద తెరచాపల ఓడ ఎందుకుందో రోము లేకుండా చెప్పి చూడండి. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు ఎందుకు దొరికాయో చెప్పి చూడండి. ఇండియా సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు పోతున్నాయని రోములో కూర్చుని ఏడ్చిన ప్లినీ మన ఆర్థిక చరిత్రకారుడు కూడా.

నాకు అసలు కష్టమైన ప్రత్యర్థులు వీళ్ళు కాదు, మన స్నేహితులే. పిల్లలు రేపు ఓటేస్తారు, వాళ్ళకి ముందు ఫ్రెంచి విప్లవం, నాజీలు, దేశ విభజన తెలియాలి, పిరమిడ్లు తర్వాత చూసుకోవచ్చు అంటారు వీళ్ళు. ఈ వాదనలో బలముంది, ఒప్పుకుంటాను. కానీ తొమ్మిదో తరగతి పిల్లకి హిట్లర్ అధ్యాయంలో "ఆర్యజాతి" అనే మాట తగిలినప్పుడు ఏం జరుగుతోంది? ఆ మాట ఎక్కడిది, భాషల కుటుంబం వేరు, జాతి వేరు అన్న సంగతి ఏమిటి, సంస్కృతానికీ గ్రీకుకీ చుట్టరికం ఉందని 1786లో విలియం జోన్స్ ఎందుకన్నాడు, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో క్యాంబెల్ వ్యాకరణానికి రాసిన పీఠికలో ఎల్లిస్ ఎలా చూపించాడు, ఇవేవీ ఆ పిల్లకి తెలియవు. అవన్నీ ప్రాచీన చరిత్ర పద్దులో ఉన్నాయి, ప్రాచీన చరిత్ర ఆరో తరగతితో అయిపోయింది. కాబట్టి హిట్లర్ అబద్ధం చెప్పాడని ఆ పిల్ల నమ్ముతుంది, పుస్తకం చెప్పింది కాబట్టి. రేపు ఇంకో పుస్తకం ఇంకోటి చెప్తే? హక్కుల సంగతికొస్తే, రామెసెస్ మూడో చక్రవర్తి 29వ ఏట రాజుల సమాధులు తొలిచే పనివాళ్ళు, కూలి కింద రావాల్సిన ధాన్యం రాలేదని పని మానేసి వెళ్ళి గుడి వెనక కూర్చున్నారు. క్రీస్తుపూర్వం పన్నెండో శతాబ్దపు సమ్మె. ఒక లేఖకుడు పపైరస్ మీద తేదీలతో సహా రాసిపెట్టాడు, ఇప్పుడు అది టురిన్‌లో ఉంది. పౌరుడు 1789లో పుట్టాడని పిల్లలకి చెప్పేముందు ఈ సమ్మె చూపించొచ్చు. మన పుస్తకాల్లో ఈజిప్టు అంటే ఇప్పటికీ మమ్మీలే.

పిల్లల బుర్రలో మనం ఖాళీ ఉంచిన ఐదువేల ఏళ్ళు ఖాళీగా ఉంటాయనుకోకండి. ఫోన్ నింపుతుంది. పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారు, విమానాలు మనమే ముందు కనిపెట్టాం, లెమూరియాలో తమిళం మాట్లాడారు, ప్రపంచ భాషలన్నిటికీ తల్లి ఫలానా. ఒకటిన్నర నిమిషం వీడియో, కింద డప్పు సంగీతం. పదో తరగతి పాసైన పిల్లవాడికి దాన్ని కాదనడానికి ఏ సాధనమూ ఇవ్వలేదు మనం. వాడికి గుర్తున్నది ఆరో తరగతి చార్టు. చార్టుకీ వీడియోకీ పోటీ పెడితే వీడియోనే గెలుస్తుంది.

టైము లేదంటారు. కాలేజీ బోర్డూ అదే అంది. నిజమే, పదివేల ఏళ్ళు ఏడాదిలో ఎవరూ చెప్పలేరు. కానీ అన్నీ చెప్పమని ఎవరడిగారు? రాజుల జాబితాలు, నదుల పేర్లు, "ఏ నాగరికత ఏ నది ఒడ్డున" అనే జతపరచుము బిట్లు అక్కర్లేదు. తొమ్మిదో తరగతిలో ఇరవై పీరియడ్లు ఇవ్వండి. పంట, పశువు, రాత, వర్తకం, సమ్మె, దుబాసీ. ఒక్కోదానికి ఒకటో రెండో అసలు వస్తువుల ఫోటోలు, వాటి అనువాదాలు, ఒక మ్యాపు. ఆరో తరగతిలో ఉన్న ఆదిమానవుణ్ణి అక్కణ్ణుంచి లేపి ఇక్కడ కూర్చోబెట్టండి. ఆరో తరగతి పిల్లలు ఆ సమయంలో సొంత ఊరి చెరువు, సంత, గుడి, దర్గా చరిత్ర రాసుకుంటారు, వాళ్ళకి అది బాగా వస్తుంది. టీచర్లకి ఇదంతా రాదు అంటారా, నాకూ రాలేదు. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివాను, తప్పులు చెప్పాను, మర్నాడు దిద్దుకున్నాను. పరీక్షలో ఎలా అడగాలి అంటే, పిల్లలు ఎన్నడూ చూడని ఒక పలక ఇచ్చి, దీన్నిబట్టి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు అని అడగండి. ఇలాంటి జవాబుకి కీ పేపరు ఉండదు. దిద్దేవాళ్ళు కూర్చుని చదవాలి. బడులకీ బోర్డులకీ అసలు భయం అక్కడే ఉందని నా అనుమానం.